సింహస్వప్నం గెలిచిన ఆట

శవం ఒకటో నంబరు డబ్బాలో ఉంది. డిటెక్టివ్ లెనర్డ్ కోవాల్ మాత్రం రెండో నంబరు డబ్బాలోకి తొంగి చూస్తున్నాడు. లోపల కొక్కేనికి నీలం టోపీ ఒకటి వేలాడుతోంది. టోపీలో ప్రత్యేకత ఏమీ లేదు. అది అతనిది, అంతే.

మధ్యాహ్నం దాన్ని ఆ కొక్కేనికి తగిలించింది అతనే. ఆట గెలిచిన సంబరంలో మర్చిపోయి వెళ్ళిందీ అతనే. నేరం చేసినవాడు తొందరలో ఏదో ఒకటి వదిలేసి పోతాడని పోలీసు స్కూల్లో కుర్రాళ్ళకి ఏటా పాఠం చెప్పేదీ అతనే.

ఐరన్ వ్యాలీ అనేది షికాగోలో పెద్దమనుషులు భోజన విరామంలో యుద్ధం చేసుకునే చోటు. బీరువాని పక్కకి పడుకోబెట్టినట్టుండే డబ్బాలు ఎనిమిది. ఒక్కోదాంట్లో ఒక్కడు దూరి తలుపేసుకుంటాడు. ఎదురుగా తెర మీద ఎర్ర ఎడారి, కాళ్ళ కింద పెడళ్ళు, కుడిచేతికి తుపాకీ మీట, ఎడమచేతికి వేగం పెంచే లివరు. ఇంకేముంది, అతను మూడంతస్తుల ఉక్కు రాక్షసుడు. డబ్బాలన్నీ ఒకదానికొకటి వైర్లతో కలిపి ఉంటాయి కాబట్టి పక్క డబ్బావాడు కూడా అదే ఎడారిలో ఇంకో రాక్షసుడై ఎదురొస్తాడు. పది నిమిషాలు ఒకళ్ళనొకళ్ళు కాల్చుకుని, టై సరిచేసుకుని, ఆఫీసుకి పోయి గుమాస్తాల మీద విసుక్కుంటారు.

ఇక్కడ ఎవరూ ఎవరి అసలు పేరూ అడగకూడదు. అది అక్కడి ఆచారం. చచ్చిపోయిన ఎవరెట్ బ్లేన్ బయట బీమా కంపెనీ అధికారి, ఇక్కడ చక్రవర్తి. అతనితో ఆడిన పళ్ళ డాక్టర్ ఆల్విన్ హాగ్లండ్ ఇక్కడ కోబ్రా. మూడోవాడి పేరు సింహస్వప్నం. ఈ సింహస్వప్నం మార్చి నెల నుంచి ప్రతి మంగళవారం వచ్చి ఓడిపోయి వెళ్తున్నాడు. టోపీ కళ్ళ మీదికి లాక్కుని అందరికంటే ముందు డబ్బాలో దూరేవాడు, అందరికంటే ముందు వెనక గుమ్మం గుండా జారుకునేవాడు. తోటి ఆటగాళ్ళ మొహాలు అతను సరిగ్గా చూడలేదు, అతని మొహం వాళ్ళు చూడలేదు. ఇవాళే మొట్టమొదటిసారి గెలిచాడు.

గెలిచి వెనక గుమ్మం దాటుతుండగా లోపల ఒక కేక వినిపించింది. పోలీసువాడు కేక వింటే వెనక్కి పరిగెత్తాలి. కోవాల్ ముందుకి పరిగెత్తాడు. ఓడిపోయినవాడు ఎవడో అరిచాడనుకున్నాడు. అలా అనుకుంటే బాగుంటుందని అనుకున్నాడు.

కారెక్కేలోపే నడుముకి ఉన్న పేజరు మోగింది.

"ఏమోయ్ కోవాల్, పన్నెలా ఉంది?"

వెనకనుంచి వచ్చినవాడు డిటెక్టివ్ ఫ్రాంక్ డెలహంట్. హత్య జరిగినచోట ముందు అద్దం ఎక్కడుందో వెతికి, తల దువ్వుకుని, తర్వాత శవం ఎక్కడుందో వెతికే మనిషి. టీవీ వాళ్ళు ఎప్పుడొస్తారో చెప్పలేం కదా.

"పర్లేదు," అన్నాడు కోవాల్ చెంప మీద చెయ్యి వేసుకుని.

మంగళవారాలు ఎక్కడికి పోతున్నావని స్టేషన్లో అడిగితే రూట్ కెనాల్ అని చెప్పాడు మార్చిలో. ఇంట్లోనూ అదే చెప్పాడు. ఇప్పుడు నవంబరు. అంత కాలం పట్టే రూట్ కెనాల్ ఏనుగు దంతానికి కూడా ఉండదు. అయినా స్టేషన్లో అందరికీ అతని మీద జాలే తప్ప అనుమానం లేదు.

"పాపం, పంటి డాక్టరు కుర్చీలోంచి లేచొచ్చావట. కెప్టెన్ చెప్పాడు. ఇంత చలిలో కోటేదోయ్?"

"కార్లో ఉంది."

"చలి కారుకా, నీకా?"

కోవాల్ చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. ఆ గోధుమరంగు కోటుని చుట్టచుట్టి కారు డిక్కీలో దాచి, పలచటి చొక్కాతో వణుక్కుంటూ వచ్చాడతను. రిసెప్షన్ పిల్ల అప్పటికే చెప్పేసింది: ఆట అవగానే పారిపోయినవాడికి నీలం టోపీ, గోధుమరంగు కోటు.

డెలహంట్ రెండో డబ్బాలోంచి టోపీని పెన్సిలుతో ఎత్తి సంచిలో వేశాడు. "సింహస్వప్నంగారి కిరీటం. ఒరేయ్, తల పెద్దదేరా వీడిది!"

కోవాల్ ఒకటో డబ్బా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బ్లేన్ ఇంకా సీట్లోనే ఉన్నాడు. చెవులకి పెట్టుకునే ఫోను తాలూకు వైరు మెడకి రెండు చుట్లు తిరిగి ఉంది. తలుపు పగలగొట్టిన గుర్తులు లేవు. అది మూస్తే దానంతటదే గడియ పడుతుంది, లోపల్నుంచి గడియ తీస్తేనన్నా తెరుచుకోవాలి, బయటినుంచి తాళంచెవితోనన్నా తెరవాలి. తెలిసినవాడు తలుపు తడితే తీసి ఉంటాడు. కాళ్ళు పెడళ్ళ మీద లేవు. కుడిచెయ్యి ఒళ్ళో పడుంది.

ఎడమచేతి వైపు లివరు మొత్తం ముందుకి తోసి ఉంది.

కోవాల్ కళ్ళముందు ఎర్ర ఎడారి మెదిలింది. ఆ లివరు తోసినచోటే ఉండిపోతుంది, మళ్ళీ వెనక్కి లాగేదాకా. పెడల్ తొక్కేవాడు లేకపోతే రాక్షసుడు మలుపు తిరగడు. తిన్నగా పోతాడు. కొండ అడ్డమొస్తే దానికి ముక్కు ఆనించి, ఉన్నచోటే కాళ్ళాడిస్తూ ఉంటాడు.

ఇవాళ మధ్యాహ్నం చక్రవర్తి చేసిందంతా అదే. ఆట మొదలవగానే తిన్నగా నడిచి కొండకి మొహం పెట్టి నిలబడ్డాడు. అది తనని లోయలోకి లాగడానికి పన్నిన ఎత్తుగడ అనుకున్నాడు కోవాల్. భయపడుతూ భయపడుతూ వెనకనుంచి వచ్చి కాల్చాడు. తగిలింది. మళ్ళీ కాల్చాడు. మళ్ళీ తగిలింది. ఆ తర్వాత ఆట అయ్యేదాకా కాలుస్తూనే ఉన్నాడు, డబ్బాలో ఒక్కడే కూర్చుని, నలభై ఆరేళ్ళవాడు, గొంతు చించుకుని అరుస్తూ. కోబ్రా అసలు కనబడనే లేదు. తన ధాటికి దడుచుకుని ఏ దిబ్బ వెనకో దాక్కున్నాడనుకున్నాడు.

తను వేటాడింది శవాన్ని.

"ఏంటా దీక్ష?" అన్నాడు డెలహంట్.

"ఈ లివరు చూడు. ఆట మొదట్లోనే పోయి ఉంటాడేమో ఇతను."

"చచ్చేటప్పుడు చెయ్యి తగిలుంటుంది. పద, డాక్టరు బయల్దేరతానని గోల చేస్తున్నాడు."

*

డాక్టర్ హాగ్లండ్ హాల్లో సోఫా మీద తెల్లకోటుతోనే కూర్చుని ఉన్నాడు. జేబులో మూడు పెన్నులు. పక్కింటివాళ్ళు పిల్లలకి చూపించి 'అలా అవ్వాలి' అని చెప్పే రకం మొహం.

"సార్, ఒక్క మాట. నా పేరు పేపర్లో వస్తుందా?"

"హత్య కేసు కదా డాక్టరుగారూ, సాక్షి పేరు రాస్తారు," అన్నాడు డెలహంట్.

"హత్య సంగతి సరే. నేను ఇక్కడికి వస్తానని కూడా రాస్తారా?"

"మీరిక్కడ లేకపోతే సాక్షి ఎలా అవుతారు?"

"బార్లో ఉన్నానని రాయొచ్చు కదా! మంచి బారే ఒకటుంది ఎదురుగా. మా వీధిలో సగంమంది అక్కడే ఉంటారు, ఎవరూ ఏమీ అనుకోరు. నేను చర్చి కమిటీలో ఉన్నాను సార్. డబ్బాలో కూర్చుని డిష్యూం డిష్యూం అని ఆడుకుంటానంటే..."

ఈ మనిషి బాధ కోవాల్‌కి అర్థమైనంతగా షికాగోలో ఇంకెవరికీ అర్థం కాదు. తల దించుకుని నోటుపుస్తకం తెరిచాడు.

"ఆట గురించి చెప్పండి."

"ఎప్పటిలాగే. బ్లేన్ ముందు ఎవరం నిలవగలం? చివరి నిమిషంలో ఇసుకదిబ్బ దిగొచ్చి, చటుక్కున ఎడమకి తిరిగి, ఒక్క దెబ్బతో నా కాలు లేపేశాడు. ఆహా, ఏం గురి సార్ అది!"

కోవాల్ పెన్ను ఆగిపోయింది.

ఇక్కడ ఇంకో మర్యాద ఉంది. ఆట అయ్యాక ఓడినవాళ్ళు గెలిచినవాణ్ణి పొగడాలి. చక్రవర్తే ఎప్పుడూ గెలుస్తాడు కాబట్టి ఏం జరిగిందో చూడకపోయినా అతన్నే పొగిడితే తప్పుపోదు. ఎప్పుడూ పోలేదు, ఇవాళ తప్ప.

"చివరి నిమిషంలోనా?" అన్నాడు కోవాల్.

"ఖచ్చితంగా."

"అంటే ఆట అయ్యేదాకా బ్లేన్ బతికే ఉన్నాడు. రాసుకో కోవాల్," అన్నాడు డెలహంట్. "మరి ఆ మూడోవాడు?"

"సింహస్వప్నమా?" హాగ్లండ్ అంత దుఃఖంలోనూ నవ్వాడు. "వాణ్ణి లెక్కలోకి తీసుకోకండి సార్. చక్రవర్తి మొదట్లోనే లేపేసి ఉంటాడు. నడుస్తూ నడుస్తూ వాడి కాలికి వాడే అడ్డంపడే రకం. ఒకసారి వాడి తుపాకీతో వాడే కాల్చుకున్నాడు. ఆ యంత్రంలో అది ఎలా సాధ్యమో తయారుచేసినవాళ్ళకి కూడా తెలీదట."

డెలహంట్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "రాసుకో కోవాల్. చేతకానివాడు అని రాయి."

కోవాల్ రాసుకున్నాడు.

"ఆఫీసరుగారూ, ఏమీ అనుకోకండి," అన్నాడు హాగ్లండ్ అతని నోటివంక చూస్తూ. "మీ పళ్ళు చాలా బాగున్నాయి. ఈ వయసులో ఇంత గట్టి పలువరస చూళ్ళేదు."

డెలహంట్ నవ్వు ఆపి కోవాల్ వంక చూశాడు. కోవాల్ చటుక్కున నోరు మూసుకుని చెంప పట్టుకున్నాడు.

"నాకు రెండున్నరకి పేషెంట్లున్నారు సార్. వెయిటింగ్ రూమంతా నిండిపోయి ఉంటుంది," అన్నాడు హాగ్లండ్. ఆ మాట ఇప్పటికి నాలుగోసారి. గోడకి టెలిఫోను అతని మోచేతి పక్కనే ఉంది. ఒక్కసారి కూడా దానివంక చూడలేదు.

*

కంట్రోలు గదిలో మిసెస్ లొరైన్ టిబ్స్ స్వెట్టరు అల్లుకుంటోంది. నల్లటి, నిండైన మనిషి. ముప్ఫై ఏళ్ళు నగరం బస్సుల్ని వైర్‌లెస్సు మీద నడిపించి రిటైరైంది. ఇప్పుడు డబ్బాల్లో కూర్చున్న లాయర్లనీ బ్యాంకు మేనేజర్లనీ అదే గొంతుతో నడిపిస్తోంది. ఆట మొదలయ్యే ముందు ఎవరు బాత్రూంకి వెళ్ళొచ్చారో అడుగుతుంది. అయ్యాక ప్రతివాడికీ ఒకే మాట చెబుతుంది: "నీ ఆట అయిపోయింది. దిగేటప్పుడు మెట్టు చూసుకో నాయనా."

ఆవిడ దగ్గర మొహం దాచేదేం ఉండదు. టికెట్టు ఇచ్చేది ఆవిడే.

లోపలికొచ్చిన కోవాల్‌ని చూసింది. సూదులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలాయి.

"కూర్చోండి ఆఫీసరుగారూ," అంది. మార్చి నుంచి అతన్ని 'నాయనా' తప్ప ఇంకో పేరుతో పిలవలేదు.

డెలహంట్ నిలబడే మొదలుపెట్టాడు. "శవాన్ని మొదట చూసింది నువ్వే."

"డబ్బా తెరుచుకోకపోతే తెరిచాను. చూశాను. అరిచాను."

"బయటినుంచి తెరిచే తాళంచెవి నీ దగ్గరొక్కటే ఉంది."

"అదిగో, బల్ల మీద."

"చూడగానే మెయిన్ స్విచ్చి ఆపేశావు. స్కోర్లన్నీ చెరిగిపోయాయి."

"మెడకి వైరు చుట్టుకుని మనిషి పడుంటే కరెంటు ఆపకుండా స్కోరు చూడమంటావా బాబూ?"

"మరి ఆట ఈ తెర మీద చూడలేదా?"

"ఏ తెర?" ఆవిడ ఖాళీ చెక్కచట్రం చూపించింది. "సోమవారం రిపేరుకెళ్ళింది. నాకు మాటలు వినబడటమే, బొమ్మ లేదు."

"నిన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యమని బ్లేన్ పోయిన నెల ఉత్తరం రాశాడు."

"రాశాడు. తన వంతు రాకుండా డబ్బా ఎక్కుతానన్నాడు, కుదరదన్నాను. మా బస్సుల్లో మేయరైనా వరసలో నిలబడాల్సిందే."

"ఆ పది నిమిషాలూ ఏం చేస్తున్నావు?"

"మూడో ఆయనతో మాట్లాడుతున్నాను. చెవిలోంచి దిగలేదాయన. 'మిసెస్ టిబ్స్, నేను గెలుస్తున్నానా? మిసెస్ టిబ్స్, చక్రవర్తి ఇంకా నిలబడే ఉన్నాడు, ఏం చెయ్యను?' ఒకటే పోరు. సూదులు కూడా పట్టుకోనివ్వలేదు."

కోవాల్ చెవులు కాలిపోతున్నాయి.

"అయితే నువ్వు గదిలోనే ఉన్నావని చెప్పగలిగేది వాడొక్కడే. పేరు చెప్పు."

"పేర్లు చెప్పను."

"అమ్మా, ఇది హత్య కేసు."

"అయితే కానీ. నా గుమ్మం దాటి డబ్బా ఎక్కినవాడు ఇంట్లో, ఆఫీసులో ఎన్ని అవస్థలు పడి ఇక్కడికొస్తాడో నాకు తెలుసు. ఎవరి పరువు వాళ్ళది. ఆయనకి చెప్పాలనిపిస్తే ఆయనే చెప్తాడు." ఊలుదారం వదులు చేసుకుంది. కోవాల్ వైపు చూడలేదు. చూస్తేనే బాగుండేది.

డెలహంట్ కోవాల్‌ని తలుపు దగ్గరికి లాగాడు. "అయిపోయింది కేసు. ఆట చివరిదాకా బ్లేన్ బతికున్నాడు, డాక్టరు చెప్పాడు. తర్వాత ఆ డబ్బా తెరిచింది ఈవిడొక్కతే. పగ ఉంది. స్కోర్లు చెరిపేసింది. మూడోవాణ్ణి కాపాడుతోందంటే వాడూ ఇందులో ఉన్నాడు. రాత్రి వార్తలకి ముందే అరెస్టు చూపిద్దాం."

"డాక్టరు అబద్ధం చెబుతున్నాడేమో."

"ఎలా తెలుసు?"

"లివరు..."

"మళ్ళీ లివరు! ఆ డబ్బా నీకేం తెలుసోయ్? ఎప్పుడైనా ఎక్కావా?"

ఇప్పుడు చెప్పాలి. నోరు తెరిచాడు. స్టేషన్లో కాఫీ మిషను చుట్టూ చేరే మొహాలన్నీ కనబడ్డాయి. భార్య బర్నీస్ కనబడింది. తన అక్క పిల్లలు, చర్చి బెంచీ మీద తన పక్కన కూర్చునే రిటైర్డ్ జడ్జీ కనబడ్డారు. అందరూ ఒకే పేరు గొణుక్కుంటున్నారు, సింహస్వప్నం అని.

"లేదు," అన్నాడు కోవాల్. "ఊరికే అన్నాను."

డెలహంట్ తాళంచెవిని సంచిలో వేసి ఒక కానిస్టేబుల్ చేతికిచ్చి స్టేషనుకి పంపేశాడు. రెండోవాడు మిసెస్ టిబ్స్ చేతులకి బేడీలు వేశాడు. వేసేముందు ఆవిడ అల్లికని జాగ్రత్తగా మడిచి బల్లసొరుగులో పెట్టింది. గుమ్మం దగ్గర ఆగి, డెలహంట్ చేతిలోని టోపీ సంచి చూసింది.

"ఆ టోపీ పారెయ్యకండి బాబూ. చలికాలం. పాపం ఎవరిదో, వచ్చి తీసుకుంటాడు."

అంతే అంది. కోవాల్‌కి తల తీసి అక్కడున్న కొక్కేనికి తగిలించినట్టయింది.

"ఫ్రాంక్," అన్నాడు. "ఆ సంచి ఇలా ఇవ్వు."

"ఎందుకు?"

కోవాల్ సంచి లాక్కుని, టోపీ తీసి, నెత్తిన పెట్టుకున్నాడు. సరిగ్గా సరిపోయింది. హాల్లో ఉన్నవాళ్ళందరూ చూశారు: బేడీలు వేసిన కానిస్టేబులు, రిసెప్షన్ పిల్ల, సోఫాలో హాగ్లండ్.

"సాక్ష్యాన్ని నెత్తిన పెట్టుకుంటావేంటోయ్?"

"నాదే. సింహస్వప్నం నేనే."

డెలహంట్ మొహంలో చాలా లెక్కలు ఒకదాని వెనక ఒకటి తేలుతున్నాయి.

"మరి రూట్ కెనాల్?"

"లేదు."

"ఎనిమిది నెలలుగా ప్రతి మంగళవారం మా ఆవిడ నీకు సూపు పంపింది కదరా!"

"బాగుండేది."

"నమలలేవని కూరముక్కలు చిదిమి మరీ పంపింది!"

"తెలుసు. ఫ్రాంక్, తర్వాత తిట్టు. ఆట పొడుగునా నేను మిసెస్ టిబ్స్‌తో మాట్లాడుతూనే ఉన్నాను. ఆవిడ గది వదల్లేదు. ఆట మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా చక్రవర్తి కొండకి మొహం పెట్టి నిలబడ్డాడు. దిబ్బ దిగలేదు. ఎడమకి తిరగలేదు. ఎవరి కాలూ లేపలేదు. నేను అతన్ని వెనకనుంచి కాలుస్తూనే ఉన్నాను, ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు."

"నువ్వు పొరబడి ఉండొచ్చుగా?"

"నేను మార్చి నుంచి ఒక్క ఆట గెలవలేదు. డాక్టరుగారు చెప్పారుగా, నా కాలికి నేనే అడ్డంపడతానని. నన్ను అడుగు, చక్రవర్తి బతికుంటే నేను గెలుస్తానా? అతను బతికున్నాడని నిరూపిస్తే నాకంటే సంతోషించేవాడు లేడు. కానీ నేను గెలిచాను. కాబట్టి అతను పోయాడు."

ఇంత గట్టి సాక్ష్యం ఇంత సిగ్గుతో ఏ కోర్టులోనూ ఎవరూ చెప్పి ఉండరు.

కోవాల్ సోఫా వైపు తిరిగాడు. "డాక్టరుగారూ, మీరు ఆట చూడలేదు. డబ్బాలో లేరు. ఉన్నా, తెర వంక చూసే స్థితిలో లేరు. అలవాటుకొద్దీ చనిపోయినవాణ్ణి పొగిడేశారు."

"నేను... నాకు పేషెంట్లు..."

"ఆ మాటే అడుగుదామనుకుంటున్నాను. వెయిటింగ్ రూమంతా నిండిపోయుందంటున్నారు. ఇంతసేపట్లో ఒక్కసారి క్లినిక్కికి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పలేదు. చెయ్యండి. మోచేతి పక్కనే ఉంది."

హాగ్లండ్ రిసీవరు తీశాడు. వేలు డయల్ మీద పెట్టాడు. తిప్పలేదు.

"బ్లేన్ కంపెనీ పళ్ళ బీమా కూడా చూస్తుంది కదూ?" అన్నాడు కోవాల్ మెల్లగా. "మీ లైసెన్సు ఎప్పుడు పోయింది డాక్టరుగారూ?"

"వసంతకాలంలో," అన్నాడు హాగ్లండ్. అంతవరకే చెప్పాడు. రిసీవరు వేలాడదీసి, తెల్లకోటు రెపరెపలాడుతుండగా హాలుకి అడ్డంగా పరిగెత్తి మూడో నంబరు డబ్బాలో దూరాడు. గడియ పడ్డ చప్పుడైంది.

"తాళంచెవి!" అరిచాడు కోవాల్.

డెలహంట్ నోరు తెరిచాడు. తాళంచెవి స్టేషను దారిలో ఉంది.

"లోపల వైరుంది ఫ్రాంక్. బ్లేన్ మెడకి చుట్టిన లాంటిదే."

మిసెస్ టిబ్స్ బేడీల చేతులు చాచింది. "ముందు ఇవి తియ్యండి. ఆ తలుపు కోయడానికి మిషనొచ్చేసరికి సాయంత్రమవుతుంది. మెయిన్ వేస్తే వాడి చెవిలో మాట్లాడొచ్చు. అదొక్కటే దారి."

బేడీలు తీశారు. ఆవిడ స్విచ్చి వేసింది. కంట్రోలు గదిలో మైకు ముందు కోవాల్‌ని కూర్చోబెట్టింది. "నువ్వే మాట్లాడు నాయనా. నా మాట ఇప్పుడు వాడికెక్కదు."

"కోబ్రా," అన్నాడు కోవాల్. "నేను సింహస్వప్నాన్ని."

స్పీకరులో గరగరమని ఊపిరి. తర్వాత హాగ్లండ్ గొంతు, ఎక్కడో ఎడారి అవతలి నుంచి వచ్చినట్టు: "రోజూ పొద్దున్నే మా ఆవిడ ఈ కోటు ఇస్త్రీ చేసిస్తుంది. వేసుకుని బయల్దేరతాను. లైబ్రరీలో కూర్చుంటాను, పార్కింగులో కూర్చుంటాను, ఇక్కడికొస్తాను. ఇవాళ ఆట ముందు బ్లేన్ అన్నాడు, 'నీ పేరు మా జాబితాలోంచి తీసేశారే, మీ ఆవిడకి తెలుసా' అని. నవ్వుతూనే అన్నాడు. నవ్వకపోయినా బాగుండేది."

"తలుపు తియ్యండి."

"నువ్వు మీ ఇంట్లో చెప్పావా? ఇక్కడికొస్తావని?"

కోవాల్ గాజుకిటికీలోంచి డెలహంట్ వంక చూశాడు. "లేదు."

"అయితే నాకేం చెబుతావు? ముందు నువ్వు చెప్పు. నేను వింటాను." వైరు ఏదో దేనికో రాసుకుంటున్న చప్పుడు. "ఎక్కువసేపు మాత్రం వినలేను."

మిసెస్ టిబ్స్ టెలిఫోను అతని ముందుకి జరిపింది. కోవాల్ ఇంటి నంబరు తిప్పి, రిసీవరుని మైకుకీ చెవికీ మధ్య పట్టుకున్నాడు.

"బర్నీస్, నేను."

"ఏంటి ఈ వేళప్పుడు? పన్ను తీసేశారా?"

"పన్ను బాగానే ఉంది. పన్ను ఎప్పుడూ బాగానే ఉంది. నేను మంగళవారాలు డాక్టరు దగ్గరికి వెళ్ళట్లేదు. ఇక్కడ... ఒక ఆట ఉంది. డబ్బాలో కూర్చుని ఆడతారు. పిల్లలాటే. ఎనిమిది నెలలుగా నీతో అబద్ధం చెబుతున్నాను."

అవతల కుళాయి కట్టేసిన చప్పుడైంది.

"తెలుసు," అంది బర్నీస్.

"తెలుసా?"

"రూట్ కెనాల్ జరుగుతున్నవాడు శుక్రవారం రాత్రి వాల్‌నట్లు పళ్ళతో పగలగొడతాడా లెనర్డ్? పైగా నిద్రలో 'మిసెస్ టిబ్స్, మిసెస్ టిబ్స్' అని కలవరింత. ఎవరీ మహాతల్లి అని మే నెలలోనే వచ్చి చూశాను. ఆవిడ చాలా మంచి మనిషి. కాఫీ ఇచ్చింది."

కోవాల్ తల తిప్పాడు. మిసెస్ టిబ్స్ సొరుగులోంచి అల్లిక తీసుకుంటోంది. ఎవరి పరువు వాళ్ళది.

"మరి అడగలేదే?"

"అడిగితే నువ్వెళ్ళడం మానేస్తావు. మంగళవారం ఒక్కరోజు ఇంటికి నవ్వుతూ వస్తావు. పోనీలే అనుకున్నాను." కుళాయి మళ్ళీ విప్పింది. "ఇవాళైనా గెలిచావా?"

గాజు అవతల అందరూ అతనివంకే చూస్తున్నారు. మూడో నంబరు డబ్బాలో ఊపిరి కూడా ఆగి వింటోంది. ఎడారి, కొండ, ఆ కొండకి మొహం పెట్టి నిలబడ్డ రాక్షసుడు, తన కేకలు, అన్నీ గుర్తొచ్చాయి.

"గెలిచాననుకున్నాను బర్నీస్," అన్నాడు. "లేదు."

"సరేలే. వచ్చేటప్పుడు రొట్టె పట్రా."

ఫోను పెట్టేసింది. స్పీకరులో చాలాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత ఏదో జారి కింద పడింది. తర్వాత టక్కుమని గడియ.

మిసెస్ టిబ్స్ మైకు తనవైపు తిప్పుకుంది.

"కోబ్రా, నీ ఆట అయిపోయింది. దిగేటప్పుడు మెట్టు చూసుకో నాయనా."